బీఎండబ్ల్యూ ఎం340ఐ కొత్తగా కొన్నవారి అనుభవం ఎలా ఉంది? మన రోడ్లకూ, ఇంట్లోని పెద్దవారికీ సరిపోతుందా?

ప్రశ్న (మణికొండ, హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా నడుపుతున్న డీజిల్ సెడాన్‌ను ఇచ్చేసి, ఈసారి నడుపుతుంటే ఉత్సాహం కలిగించే కారు కొనాలని నిశ్చయించుకున్నాను. ఎస్‌యూవీల వైపు నాకు మొదటి నుంచీ మనసు పోలేదు. రోడ్డుకు దగ్గరగా కూర్చుని నడిపే సెడానే కావాలి. అన్నీ చూసిన మీదట బీఎండబ్ల్యూ 3 సిరీస్ దగ్గర ఆగాను. ఇప్పుడు ఆరు సిలిండర్ల ఎం340ఐ తీసుకోవాలా, వెనుక సీటులో ఎక్కువ చోటుండే పొడవాటి 330ఎల్‌ఐ తీసుకోవాలా అన్నది తేలడం లేదు. టెస్ట్ డ్రైవ్‌లో ఎం340ఐ నడిపినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. అయితే షోరూమ్ వారు తిప్పించే కాసింత నున్నటి రోడ్డు మీద అసలు సంగతులు తెలియవు కదా.

నా వాడకం ఇలా ఉంటుంది. పనిరోజుల్లో మణికొండ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి రావడం, వీలు చిక్కినప్పుడల్లా అమ్మానాన్నలను తీసుకుని సూర్యాపేట మీదుగా ఖమ్మం దగ్గర మా ఊరికి వెళ్లడం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. మా కాలనీలో ఇంటికి చేరే లోపు దాటాల్సిన స్పీడ్ బ్రేకర్లు తక్కువేమీ కావు. కారు కొని ఎక్కువ కాలం కాని వారు, మొదటి మోజు కొంత తగ్గి రోజువారీ వాడకంలోని మంచిచెడులు గమనించినవారు తమ అభిప్రాయం వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం (కోకాపేట, హైదరాబాద్ నుంచి)

నమస్కారమండి. నేను ఈ మధ్యే ఎం340ఐ తీసుకున్నాను, రన్నింగ్-ఇన్ దశ (కొత్త ఇంజిను కుదురుకునే దాకా నిదానంగా నడపాల్సిన కాలం) దాటింది. మీ ఇంటికీ మా ఇంటికీ దూరం లేదు కాబట్టి, నేను తిరిగే రోడ్లే మీరూ తిరుగుతారు.

ముందుగా ఇంజిను గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కారు ధరలో సింహభాగం దానికోసమే పెడుతున్నాం. 2998 సీసీ, ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, ఒక టర్బో, 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం). కంపెనీ లెక్క ప్రకారం నిలబడిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ వేగం కాదు. టార్క్ అంతా 1900 ఆర్పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే అందుబాటులోకి వచ్చి 5000 వరకు తగ్గకుండా నిలుస్తుంది కాబట్టి, నార్సింగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కేటప్పుడు గేరు దిగే దాకా ఎదురుచూడాల్సిన పని లేకుండా, కాలు కాస్త ఆనించగానే కారు చప్పుడు చేయకుండా ముందుకు సాగిపోతుంది. అదే కారు గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతున్నప్పుడు ఒక్క కుదుపు కూడా ఇవ్వదు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ అంత పొందికగా పనిచేస్తుంది. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ (ఇంజినుకు సాయపడే చిన్న విద్యుత్ మోటారు) ఉండటం వల్ల సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిను మళ్లీ అందుకోవడం చెవికే తప్ప ఒంటికి తెలియదు.

స్టీరింగు గురించి రెండు మాటలు. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఈ కారు గుణం నాకు పూర్తిగా అర్థమైంది. మలుపులోకి తిప్పగానే ముందు భాగం తడబడకుండా అటు మళ్లుతుంది. బయటికి వస్తూ యాక్సిలరేటర్ ఇస్తే వెనుక చక్రాలు కారును మలుపు చుట్టూ నెడుతున్న భావన స్పష్టంగా కలుగుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఎక్స్‌డ్రైవ్ ఉన్నా, దాని మొగ్గు వెనుక చక్రాల వైపే. అదే ఈ కారు స్వభావాన్ని కాపాడింది. (ఆ దారిలో మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. లోపల వేగం గురించి ఆలోచించకండి, అది పులుల అభయారణ్యం, ఎక్కడ ఏ జంతువు అడ్డం వస్తుందో చెప్పలేం.)

ఇక రోజువారీ వాడకంలోని ఇబ్బందులు. సస్పెన్షన్ గట్టిది, టైర్ల పక్క గోడల ఎత్తు తక్కువ. సూర్యాపేట వైపు హైవే మీద 100 వేగంలో కారు రోడ్డును పట్టుకుని కదలకుండా పోతుంది, వెనుక కూర్చున్నవారు హాయిగా నిద్రపోతారు. కాలనీ గతుకుల మీద 20, 30 వేగంలో మాత్రం ప్రతి చిన్న గొయ్యీ నడుముకు తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ల విషయంలో ఒక సంగతి గమనించాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో కట్టిన వాటి మీద కారు అడుగు తగలకుండా దాటుతోంది. ఎవరికి తోచినట్టు వారు సిమెంటుతో పోసిన ఇరుకైన, నిటారు దిమ్మెలే సమస్య. నలుగురు కూర్చుని ఉంటే వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించుతూ దాటాలి. కొనే ముందు టెస్ట్ డ్రైవ్ కారును మీ వీధి చివరి దాకా, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టుకుని తీసుకెళ్లమని పట్టుబట్టండి. అభ్యంతరం చెప్పే షోరూమ్ అయితే మరో చోటికి వెళ్లండి.

నాన్నగారి విషయానికి వస్తే, మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ కారులో వెనుక సీటు కన్నా ముందు ఎడమ సీటే మేలు. దాన్ని మీట నొక్కి పైకి లేపి, పూర్తిగా వెనక్కి జరిపి ఉంచితే, ముందుగా సీటు మీద కూర్చుని ఆ తరువాత కాళ్లు లోపలికి పెట్టుకోవచ్చు. మా అమ్మగారు అలాగే ఎక్కుతారు. దిగేటప్పుడు మాత్రం చెయ్యి అందించాల్సి వస్తోంది. వెనుక ఇద్దరు పెద్దలు సుఖంగా కూర్చోవచ్చు. మధ్యలో నేల ఎత్తుగా ఉంటుంది కాబట్టి మూడోవారిని కూర్చోబెడితే వారికి కాళ్లు పెట్టుకునే చోటు ఉండదు.

ఏసీ బటన్లు విడిగా లేవు, అన్నీ తెరలోనే ఉన్నాయి. నేను బయలుదేరే ముందే సర్దుకుంటాను, దారిలో అవసరమైతే గొంతుతో చెబుతాను.

సమాధానం (విశాఖపట్నం నుంచి)

పై సోదరుడు ఇంజిను గురించి చెప్పినదంతా అక్షరసత్యం. నేను టైర్ల గురించి మాట్లాడతాను. కొనే ముందు నాకు ఎవరూ చెప్పని విషయం అదే.

ఈ కారుకు వచ్చేవి రన్‌ఫ్లాట్ టైర్లు. వాటి పక్క గోడలు దళసరిగా ఉంటాయి కాబట్టి గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్ల దూరం వెళ్లవచ్చు. రాత్రివేళ కుటుంబంతో వెళ్తున్నప్పుడు దారి పక్కన జాకీ వేసుకునే పని తప్పడం నిజంగా పెద్ద ధైర్యం. ఆ దళసరి గోడలే కుదుపును లోపలికి మోసుకొస్తాయన్నది దాని రెండో వైపు. పైగా ముందు టైర్ల కన్నా వెనుక టైర్లు వెడల్పుగా ఉంటాయి. అందువల్ల మామూలు కార్లలో చేసినట్టు ముందువి వెనక్కి, వెనుకవి ముందుకి మార్చి అరుగుదలను సమం చేసుకునే వీలుండదు. వెనుకవి ముందే అరుగుతాయి, ఖర్చును ఆ మేరకు ముందే లెక్కలో వేసుకోవాలి.

అనకాపల్లి దాటాక వర్షంలో, నీళ్లు నిండి కనబడని ఒక గుంతలో ముందు ఎడమ చక్రం పడింది. కారు ఆగలేదు, గాలీ పోలేదు. ఇంటికి వచ్చి చూస్తే టైరు పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపించింది. లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. దాన్ని అతికించడం, వల్కనైజ్ చేయించడం కుదరదు, టైరు మార్చి తీరాలి. నా సలహా ఏమిటంటే, ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు టైర్ కవర్‌నూ, ఇంజిన్ ప్రొటెక్షన్‌నూ వదలకండి. రెండోది హైదరాబాద్ వారికి మరీ ముఖ్యం. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లో ఇంజిను నీళ్లు పీల్చుకుని బిగుసుకుపోతే, జీరో డిప్రిసియేషన్ పాలసీ (విడిభాగాల తరుగుదలను కోసుకోకుండా చెల్లించేది) ఒక్కటే ఉన్నవారికి ఆ నష్టం సాధారణంగా రాదు. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకూడదన్న సంగతి ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి.

వారానికి ఒకసారి చల్లటి టైర్లలో గాలి చూసుకోండి. రన్‌ఫ్లాట్ చూడటానికి నిండుగానే కనిపిస్తుంది. కంటితో అంచనా వేయలేం.

సమాధానం (విజయవాడ నుంచి)

నేను ఇదే సందిగ్ధంలో పడి చివరికి 330ఎల్‌ఐ తీసుకున్నాను కాబట్టి రెండో పక్షం కూడా వినండి. ఎం340ఐ చక్రాల మధ్య దూరం 2851 మిల్లీమీటర్లు, 330ఎల్‌ఐది 2961. ఆ 110 మిల్లీమీటర్లూ నేరుగా వెనుక కూర్చున్నవారి మోకాళ్లకే దక్కుతాయి. వెనుక తలుపు పొడవు పెరగడం వల్ల ఎక్కడం, దిగడం కూడా తేలిక. 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిను అది. హైదరాబాద్ హైవే మీద లారీలను దాటడానికి అంతకు మించి నాకు ఏనాడూ అవసరపడలేదు.

మా ఇంట్లో వెనుక సీటు ఖాళీగా ఉండే ప్రయాణం అరుదు. అందుకే అది మాకు సరిపోయింది. మీరు చెప్పిన వాడకంలో పనిరోజులన్నీ ఒంటరి ప్రయాణాలే. మీ స్థానంలో ఉంటే నేను ఎం340ఐ వైపే మొగ్గేవాడిని. కోకాపేట వారు చెప్పినట్టు నాన్నగారిని ముందు సీటులో కూర్చోబెడితే అసలు చిక్కు సగం తీరినట్టే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. షోరూమ్‌తో మాట్లాడాను. టెస్ట్ డ్రైవ్ కారును మా వీధికి తీసుకురావడానికి ఒప్పుకున్నారు. ఇంకా కొన్ని సందేహాలున్నాయి. రన్నింగ్-ఇన్ అన్నది ఈ కాలపు ఇంజిన్లకు నిజంగా అవసరమా? అవుటర్ మీద క్రూయిజ్ కంట్రోల్ (కారు వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే అమరిక) పెట్టి ఒకే వేగంలో వెళ్తే మంచిదని ఒకరు, వద్దని ఇంకొకరు అంటున్నారు. పెట్రోలు ఏది పోయించాలి, మైలేజీ ఎంత వస్తుంది? కొంత బడ్జెట్ పెంచి ఆడి ఎస్5, మెర్సిడెస్ ఏఎంజీ సీ43 చూడమని మిత్రులు చెబుతున్నారు. వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలా?

సమాధానం (చెన్నై నుంచి)

నేను నెల్లూరు వాడిని, వాహన పరిశ్రమలోనే ఇంజనీరుగా చెన్నైలో పనిచేస్తున్నాను. మీరు కొనబోయే కారు కూడా ఇక్కడికి దగ్గర్లోని మహీంద్రా వరల్డ్ సిటీలో, 2007 నుంచి నడుస్తున్న బీఎండబ్ల్యూ కర్మాగారంలో కూర్చబడేదే. మీరు చెప్పిన సీ43తో ధరలో తేడా రావడానికి ప్రధాన కారణం అదే. మనకు వచ్చిన సీ43 పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కారు కావడంతో దాని మీద కస్టమ్స్ సుంకం భారం పడుతుంది. సీ43ది నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజిను. 408 హార్స్‌పవర్ ఇస్తుంది, సాంకేతికంగా గొప్ప పనితనమే. ఆడి ఎస్5కు వీ6 (వీ ఆకారంలో రెండు వరుసలుగా ఆరు సిలిండర్లు) ఉంది. అయితే ఒకే వరుసలో ఆరు సిలిండర్ల ఇంజిను ఇచ్చే నున్నదనం కావాలనుకున్నవారికి ఆ రెండూ దానికి బదులు కావు.

కారణం చెబుతాను. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు ఉన్నప్పుడు ముందు మూడింటి కదలిక వెనుక మూడింటికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవడం వల్ల పుట్టే బలాలు, ఇంజినును ముందుకూ వెనక్కూ ఊపే బలాలు రెండూ ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజినులో ఇంజిను వేగానికి రెట్టింపు వేగంతో ఒక అదురు మిగిలిపోతుంది. దాన్ని అణచడానికి బ్యాలన్స్ షాఫ్టులు పెట్టాలి. ఇక్కడ వాటి అవసరమే లేదు. బీఎండబ్ల్యూ ఈ అమరికను 1933లో 303 కారుతో మొదలుపెట్టి నేటికీ వదల్లేదు. మీ కారులోని బి58 ఇంజిను 2015లో వచ్చింది. టయోటా వారు తమ సుప్రా కోసం ఇదే ఇంజినును ఎంచుకున్నారంటే దాని మీద పరిశ్రమకున్న నమ్మకం అర్థం చేసుకోవచ్చు.

రన్నింగ్-ఇన్ అవసరమే. మొదటి 2000 కిలోమీటర్ల దాకా 4500 ఆర్పీఎం, గంటకు 160 కిలోమీటర్లు దాటవద్దని, యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కవద్దని, కిక్‌డౌన్ (యాక్సిలరేటర్‌ను చివరి దాకా తొక్కి గేరు ఒక్కసారిగా దించడం) వాడవద్దని మాన్యువల్ చెబుతుంది. మన అవుటర్ మీద గరిష్ఠ పరిమితే 120 కాబట్టి వేగం సంగతి సమస్య కాదు. అయితే ఒకే ఆర్పీఎం దగ్గర గంటసేపు నిలపడం మంచిది కాదు. కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు చక్కగా అమరాలంటే ఇంజిను మీద పడే భారం మారుతూ ఉండాలి. అందుకని ఆ రెండు వేల కిలోమీటర్లూ క్రూయిజ్ కంట్రోల్ పక్కన పెట్టి, 80 నుంచి 110 మధ్య మారుస్తూ వెళ్లండి. కొత్త టైర్లకు పూర్తి పట్టు రావడానికి సుమారు 300 కిలోమీటర్లు, బ్రేకులు పూర్తి సామర్థ్యానికి చేరడానికి సుమారు 500 కిలోమీటర్లు పడుతుంది. డెలివరీ తీసుకున్న రోజే వర్షం పడుతుంటే ఈ మాట తప్పక గుర్తుంచుకోండి. ఎం3, ఎం4 లాంటి పూర్తి స్థాయి ఎం కార్లకు 2000 కిలోమీటర్ల దగ్గర రన్నింగ్-ఇన్ సర్వీసు చేయించి తీరాలి. ఎం340ఐకి ఆ నియమం లేదు. అయినా మొదటి ఆయిల్‌ను ముందుగా మార్పించడం మంచి అలవాటని నా అభిప్రాయం. ఆ ఖర్చు కారు ధర ముందు లెక్కలోకి రాదు.

పెట్రోలు విషయంలో ఇంధన మూత లోపలి స్టిక్కర్ మీద ఉన్న ఆక్టేన్ సంఖ్యనే ప్రమాణంగా తీసుకోండి. ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్ పెట్రోలు) నగరంలో సులువుగా దొరుకుతుంది, రోజువారీకి అది చాలు. ఎక్స్‌పీ100 అన్నిచోట్లా ఉండదు, ధర కూడా బాగా ఎక్కువ. రేస్ ట్రాక్‌కు వెళ్లే రోజున తప్ప దాని అవసరం నాకు కనిపించదు. ఈ కారు పూర్తి శక్తిని చూడాలన్న కోరిక ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో ట్రాక్ డే చూసుకుని రండి. పబ్లిక్ రోడ్డు మీద ఆ పని చేయకూడదు.

సమాధానం (కోకాపేట వారి నుంచి మళ్లీ)

మైలేజీ అడిగారు కాబట్టి నా అనుభవం చెబుతాను. ఆఫీసు సమయపు ట్రాఫిక్‌లో లీటరుకు ఆరేడు, హైవే మీద నిదానంగా వెళ్తే పన్నెండు దాకా వస్తోంది. ట్యాంకు 59 లీటర్లు కాబట్టి ఖమ్మం వెళ్లి రావడానికి ఒకసారి నింపితే సరిపోతుంది.

డబ్బు సంగతులు కొన్ని. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరహా పెద్ద ఇంజిను కార్ల మీద సెస్సు పోయి జీఎస్టీ 40 శాతంగా స్థిరపడింది. అంతకు ముందు రెండూ కలిపి 48 శాతం ఉండేది. పాత వీడియోల్లో, పాత చర్చల్లో కనిపించే ఆన్-రోడ్ ధరలతో పోల్చకుండా కొత్త కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. కొటేషన్‌లో టీసీఎస్ పేరుతో ఒక శాతం కనిపిస్తుంది. పది లక్షలు దాటిన ప్రతి కారు మీదా షోరూమ్ వారు వసూలు చేసి మీ పాన్ మీద జమ చేసే మొత్తం అది. ఆదాయపు పన్ను రిటర్నులో అది మీకు సర్దుబాటవుతుంది, కాబట్టి పాన్ నంబరు సరిగా రాశారో లేదో చూసుకుని ధ్రువపత్రం అడిగి తీసుకోండి. నేను కొన్న చోట ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలని గట్టిగా చెప్పారు. అలాంటి నిబంధన ఏదీ లేదు. బయటి కొటేషన్ ముందు పెట్టేసరికి వారి ధర కూడా దిగింది.

డెలివరీకి ముందు రిజిస్ట్రేషన్ కాకుండానే కారును పగటి వెలుతురులో చూడాలి. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగు టైర్లవీ చూడండి. నాకు చూపించిన కారుకు వెనుక కుడి రిమ్ము అంచున రవాణాలో పడిన గీత ఒకటి ఉంది. ఎండలో వంగి చూస్తే తప్ప కనబడలేదు. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి ఆ చక్రాన్ని మాట మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

ప్రశ్న అడిగినవారు

ఈ ఉదయం నాన్నగారితో కలిసి మా వీధిలోకి టెస్ట్ డ్రైవ్ కారు తెచ్చి చూశాం. రెండు దిమ్మెల దగ్గర ఏటవాలుగా వెళ్లాల్సి వచ్చింది, అడుగు తగల్లేదు. ముందు సీటు పైకి లేపి వెనక్కి జరిపాక ఆయన ఎవరి సాయం లేకుండా ఎక్కారు, దిగేటప్పుడు తలుపు పట్టుకుని లేచారు. వెనుక కూర్చున్న అమ్మ మాత్రం కాలనీ రోడ్డు దాటే వరకు కుదుపులు తెలుస్తున్నాయని చెప్పింది, అవుటర్ ఎక్కాక ఆ మాట మళ్లీ అనలేదు. ఎం340ఐ బుక్ చేస్తున్నాను. టైర్ కవర్, ఇంజిన్ ప్రొటెక్షన్ రెండూ కలిపి బయటి నుంచి ఇన్సూరెన్స్ కొటేషన్లు తెప్పించుకుంటున్నాను. కారు వచ్చాక రెండు వేల కిలోమీటర్లు పూర్తయిన తరువాత నా అభిప్రాయం కూడా ఇక్కడే రాస్తాను.